తూర్పు గోడ మీద నా ముప్ఫై ఏళ్ళు

నేను ఒక అక్రోటు చెక్కను. మూరెడు పొడవు, జానెడు వెడల్పు. నా మీద హెబ్రీ అక్షరాలతో పెద్దగా ఒకే ఒక్క మాట చెక్కి ఉంటుంది: మిజ్రాహ్. అంటే తూర్పు. దాని కింద చీమల బారంత సన్నగా ఒక వాక్యం కూడా ఉంది. ముప్ఫై ఏళ్ళ పాటు ఆ వాక్యం దాకా పోయినవాళ్ళు లేరు కాబట్టి నేనూ దాన్ని తర్వాతే చెబుతాను. తలెత్తుకుని చెప్పుకునే కథ కాదిది. అయినా చెప్పకుండా భూమిలోకి పోతే అది ఇంకో తప్పవుతుంది.

మంచు కురిసే దేశంలో జెలిగ్ అనే వడ్రంగి నన్ను చెక్కాడు. యూదులు ఏ దేశంలో ఉన్నా ప్రార్థనకు యెరూషలేము వైపే తిరిగి నిలబడాలి. ఆ నేలను పోగొట్టుకుని రెండు వేల ఏళ్ళు దేశదేశాలు తిరిగినా ఈ ఒక్క కట్టుబాటు వదల్లేదు వాళ్ళు. చివరికి వానల కోసం చేసే ప్రార్థన కూడా, తామున్న చోట ఎండో వానో చూసుకోకుండా, ఆ నేలకు వాన కావలసిన రోజుల్లోనే మొదలుపెడతారు. జెలిగ్ ఊరికి యెరూషలేము తూర్పున పడుతుంది. అందుకని తూర్పు అని చెక్కాడు, తూర్పు గోడకు తగిలించాడు. అక్కడ నేను నిజమే చెప్పాను. నా బతుకులో గర్వంగా చెప్పుకోగలిగిన కాలం అంతే.

ఆ దేశంలో బతకలేని రోజులొచ్చాయి. జెలిగ్ కూతురు నన్ను బట్టల మధ్య చుట్టుకుని ఓడెక్కి బొంబాయి చేరింది. ఆమె పోయాక నేను అక్కడి ఒక ముసలాయన బీరువాలో పడ్డాను. ఆయన నన్ను గోడకు పెట్టలేదు. అది ఆయన తెలివి.

ఆ ముసలాయన దగ్గర హెబ్రీ అక్షరాలు నేర్చుకోవడానికి గుంటూరు జిల్లా నుంచి ఒకాయన రైలెక్కి వచ్చాడు. పేరు తాళ్ళూరి ఆశేరు. మిరప చేలల్లో కూలికి పోయేవాడు. వాళ్ళ వాడలో నలభై గడపల వాళ్ళు తాము యూదులమని నమ్మి, శనివారం పనులు మానేసి, చిన్న ప్రార్థన ఇల్లు కట్టుకున్నారు. మూడు నెలల్లో ఆశేరు అక్షరాలు పట్టేశాడు. తిరిగి వెళ్ళే రోజున ముసలాయన నన్ను అతని చేతిలో పెట్టి, ఇది మన వైపు పనికిరాదు, అందానికి దాచుకో అని హిందీలో చెప్పాడు. ఆశేరుకు హిందీ అంతంతమాత్రం. కళ్ళనీళ్ళు పెట్టుకుని బుర్ర ఊపాడు. అది చూసి, అర్థమైందనుకున్నాడు ముసలాయన.

ఊరికొచ్చాక వాడంతా కూడింది. ఆశేరు నా మీది పెద్ద మాటను వేలు పెట్టి చదివి, "తూర్పు. యెరూషలేము తూర్పున ఉందంట" అన్నాడు. నన్ను తూర్పు గోడకు కొట్టాడు. వాళ్ళను వెర్రివాళ్ళనకండి. తరతరాలుగా అక్షరం ముక్కను దగ్గరికి రానివ్వని మనుషులు వాళ్ళు. అంత దూరం నుంచి వచ్చిన అక్షరం తప్పుదారి పట్టిస్తుందని ఎందుకనుకుంటారు?

ఒక్కరు మాత్రం అనుకున్నారు. ఆశేరు మేనత్త సిప్పోరమ్మ.

"ఒరే అబ్బాయ్, అది పొద్దు కుంకే దిక్కున గదరా ఉంది. మా అయ్య మొదటి యుద్ధంలో మూటలు మొయ్యను ఆ ఊరు పోయొచ్చాడు. బొంబాయిలో ఓడెక్కి, ఇంకా అటే పోయామని చెప్పేవోడు" అంది.

కొత్తగా చదువొచ్చినవాడికి అందరి ముందూ అడ్డు తగిలితే ఎలా ఉంటుందో అలాగే ఉంది ఆశేరుకు. నన్ను చూపించి అన్నాడు: "రాసుంది గదత్తా ఇక్కడ. నీకు చదవను వస్తే నువ్వే చదువు."

జనం నవ్వారు. సిప్పోరమ్మ పమిట భుజం మీదికి లాక్కుంది. "సరే, ఇహ తూర్పు తిరిగి దణ్ణం పెట్టుకోండి" అని వెనక్కి నడిచి, పడమటి ద్వారం దగ్గర మాకందరికీ వీపు పెట్టి నిలబడింది.

ఆ రోజు నా మేకు ఊడి కింద పడి ఉంటే ఎంత బాగుండేది. పడలేదు. మేకు గట్టిగా కొట్టాడు ఆశేరు.

ముప్ఫై ఏళ్ళు. వారం వారం జనమంతా నాకు ఎదురుగా, అంటే యెరూషలేముకు వీపు పెట్టి నిలబడ్డారు. "ఓ యెరూషలేమా" అంటూ బంగాళాఖాతానికి మొక్కారు. ఆశేరు వాళ్ళకు మంచి మాటలే చెప్పాడు. ఏడో ఏట నేలకు కూడా విశ్రాంతి ఇవ్వాలన్నాడు. నేల నాది, మీరు నా దగ్గర కాపురమున్న పరదేశులు అని దేవుడు చెప్పాడన్నాడు. సెంటు భూమి లేని వాళ్ళు ఆ మాట విని కళ్ళు తుడుచుకునేవాళ్ళు. "ఆ ముక్క మన ఆసాములకు చెప్పి రారా" అని ద్వారం దగ్గర్నుంచి సిప్పోరమ్మ గొంతు వినపడేది. వాన ప్రార్థన రోజైతే, "ఇక్కడ తుఫానుకు మిరప కుళ్ళిపోతంటే ఇంకా వానియ్యమంటావేంది" అనేది. పిల్లలు ఆమెను తిక్క మామ్మ అన్నారు. పెద్దవాళ్ళు వారించలేదు. ఆమె తిక్కదైంది నా వల్ల. ఏం చెయ్యను, చెక్కకు నోరుండదు.

ఆశేరు కూతురు తిర్సా చదువుకుని గ్రామ సర్వేయరు ఉద్యోగం తెచ్చుకుంది. తాతముత్తాతలకు లేని భూమిని ఊళ్ళోవాళ్ళందరికీ కొలిచిపెట్టడం ఆమె పని. ప్రాయశ్చిత్త దినం రేపనగా, ప్రార్థన ఇంటి స్థలానికి పట్టా కోసం కొలతలు తీసుకుంది. పటం గీస్తూ ఉత్తరం గుర్తు వేసి ఆగిపోయింది. నా దగ్గరికొచ్చి, కొంగుతో నా మీది దీపపు మసి తుడిచింది.

"నాన్నా, బొంబాయి మనకెటు?"

"పడమర. ఎందుకు?"

"మీకు అక్షరాలు నేర్పినాయన, ప్రార్థనకు ఎటు తిరిగేవాడు?"

ఆశేరు చెప్పబోయి ఆగాడు. ముసలాయన కిటికీ వైపు తిరిగేవాడు. ఆ కిటికీలోంచి సాయంత్రం ఎండ పడేది. అది ముప్ఫై ఏళ్ళ తర్వాత గుర్తొచ్చింది ఆశేరుకు. తిర్సా తండ్రి నేర్పిన అక్షరాలతో నా సన్నటి వాక్యాన్ని కూడబలుక్కుని చదివింది: పొద్దు పొడిచే చోటు మొదలు పొద్దు కుంకే చోటు దాకా యెహోవా నామం స్తుతి పొందుగాక.

పొద్దు కుంకే చోటు కూడా నా మీదే ఉంది. ఎవరూ చదవలేదు.

ఆశేరు సిప్పోరమ్మ నిలబడే పడమటి ద్వారం వైపు తిరిగాడు. "దిక్కు తెలీనోడు మనసును పరలోకపు తండ్రి వైపు తిప్పితే చాలని మన పెద్దలు చెప్పలా నాన్నా" అంది తిర్సా.

"అది దిక్కు తెలీనోడికమ్మా. చెప్పినోళ్ళ నోరు మూయించినోడికి కాదు."

తోటి మనిషికి చేసిన తప్పును ఆ మనిషి క్షమించకుండా దేవుడు కూడా క్షమించడని ఏటా ప్రాయశ్చిత్త దినాన చెప్పేది ఆశేరే. నన్ను మేకు నుంచి ఊడదీసి చంకన పెట్టుకున్నాడు. మిట్టమధ్యాహ్నం వాడ మధ్యలోంచి సిప్పోరమ్మ ఇంటికి నడిచాడు. ఆమెకు ఎనభై అయిదు దాటాయి. మంచం మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"అత్తా, తప్పు నాది. ఊరుంది పడమరే. నలుగుర్లో నిన్ను చదువు రాదని ఎత్తిపొడిచాను. రేపు ఆ నలుగుర్లోనే చెబుతాను. క్షమించు."

ఆమె తొడిమలు తీస్తూనే ఉంది. రెండోసారి అడిగాడు. మూడోసారీ అడిగాడు.

"అడగబాకరా. క్షమించానని చెప్పేందుకు నాకే మొహం చెల్లట్లా" అంది సిప్పోరమ్మ. "ముప్ఫై ఏళ్ళు సరైన దిక్కుకే నిలబడ్డా. ఒక్కనాడన్నా ఆ ఊరు తలుచుకున్నానేంది? నా మనసంతా ఎనక నీ ఈపు మీదే ఉండేది. ఈడెప్పుడు తిరుగుతాడా, ఎప్పుడు సిగ్గుపడతాడా అని. నువ్వు తప్పు దిక్కుకు తిరిగి ఆ ఊరి కోసం ఏడ్చావు. మనిద్దర్లో ఎవురి ప్రార్థన పోయుంటదంటావు?"

ఆశేరు నన్ను ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె వేళ్ళకున్న కారం నా అక్షరాల్లోకి దిగింది.

"దేవుని పేరున్న రాత పాతబడితే పారెయ్యకూడదత్తా. శాస్త్రం బాగా తెలిసినోళ్ళు పోయినప్పుడు వాళ్ళ పక్కన పాతిపెడతారు. నా పక్కన పెడతారనుకునేవోణ్ణి. నీ పక్కన పెట్టిస్తా."

"నాకు చదవను రాదు గదరా."

"నాకు వచ్చి ఏం చేశాను?"

మర్నాడు ఆశేరు అన్నట్టే నలుగుర్లో తప్పు ఒప్పుకున్నాడట, అందరూ పడమటి ద్వారం వైపు తిరిగారట. రాత్రికి రాత్రి ముందు వరుస వెనక్కి, వెనక వరుస ముందుకు వచ్చేసింది. అలా తిరిగేసరికి అందరికంటే ముందు నిలబడి ఉంది సిప్పోరమ్మ. ఆశేరు నన్ను తిరిగి తన ఇంటికి తెచ్చుకున్నాడు, అక్కడ తిర్సా వచ్చి చెబితే విన్నాను.

నేనిప్పుడు ఆశేరు ఇంటి అటక మీద, గుడ్డ సంచీలో ఉన్నాను. సిప్పోరమ్మ ఇంకా గట్టిగానే ఉంది, మిరపకాయల తొడిమలు తీస్తూనే ఉంది. ఆ పట్టా వచ్చేదాకా వాడ వాళ్ళకు సొంతమని చెప్పుకోవడానికి ఉన్నది తమ శ్మశానం నేల ఒక్కటే. ఆమెతో పాటు నేనూ అందులోకి పోతాను. తొందరేమీ లేదు. సంచీలో చీకటిగా ఉంటుంది. నా మొహం ఏ దిక్కుకు ఉందో నాకు తెలియదు. ఒకరికి దిక్కు చెప్పే పని ఇక నాకు లేదు.