లాగొద్దన్న దారం

ముప్పయ్యేళ్ళుగా కుట్టుమిషన్ తొక్కుతున్నవాణ్ణి. కోత లేని కుట్టుపని నేనెరగను. అందుకే కిడ్నీలో రాయికని ఆపరేషన్ చేసి గదిలోంచి బయటికి తెచ్చాక, మత్తు వదలగానే చొక్కా ఎత్తి పొట్ట చూసుకున్నాను. ఎక్కడా గీత కూడా లేదు. ఏమీ చెయ్యకుండానే పడుకోబెట్టి, లేపి, ఇంటికి పంపేస్తున్నారని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"నా రాయి ఏదండీ?" అని డాక్టరమ్మని అడిగాను.

"మూత్రం దారిలోంచే సన్నటి కెమెరా పంపి, లేజర్‌తో పొడి చేశాం. పొడి దానంతటదే పోతుంది."

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళ గురించి విన్నాను. ఇక్కడ ఎలుక కూడా లేదు.

"లోపల వాపు తగ్గేదాకా కిడ్నీ నుంచి మూత్రసంచి దాకా ఒక మెత్తటి గొట్టం ఉంచాం. దాని దారం బయటికి ఉంది, తొడకి అంటించాం. లాగొద్దు. ఐదో రోజు రండి, మేమే తీస్తాం" అందామె.

మా ఆవిడ బుద్ధిగా తలూపింది. నేను తప్ప ఎవరు చెప్పినా నమ్మే మనిషి.

"గొట్టమూ లేదు, గిట్టమూ లేదు. దారం ముక్క అంటించి మనల్ని నమ్మిస్తున్నారు. లాగితే బండారం బయటపడుతుందని లాగొద్దంటున్నారు" అన్నాను ఇంటికొచ్చాక.

"మీరు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మూడో రోజు స్నానానికి వెళ్ళినప్పుడు ఆ నల్ల దారం మళ్ళీ కంటబడింది. వేలాడే పోగు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. పోగు లాగితే కుట్టంతా విడిపోతుంది, మొదలంటా కత్తిరించాలి. మా పనిలో అది మొదటి పాఠం. చిన్న కత్తెర తెచ్చి కత్తిరించేశాను. మిగిలిన కొస లోపలికి జారిపోయింది. ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఐదో రోజు డాక్టరమ్మ వెతికి వెతికి, "దారం ఏదండీ? లాగేశారా?" అంది.

"అబ్బే, లాగొద్దన్నారుగా. కత్తిరించాను."

నర్సు ముక్కున వేలేసుకుంది.

ఎక్స్‌రే తీశారు. ఆమె చెప్పిన చోటే, చెప్పినట్టే, రెండు కొసలూ వంపు తిరిగి గొట్టం కనిపించింది.

"అలాగే ఉండిపోతే ఏమవుతుందండీ?" అని అడిగాను.

"దాని మీదే మళ్ళీ రాళ్ళు పేరుకుంటాయి. కిడ్నీకే ముప్పు. మళ్ళీ కెమెరా పంపి తీయాల్సిందే. ఈసారి మెలకువగానే ఉంటారు."

పళ్ళు బిగబట్టి అంతా తెర మీద చూశాను. బయటికొచ్చిన గొట్టం పది అంగుళాలు, టేపు లేకుండానే చెప్పగలను. దాని చివర రవ్వంత నల్ల దారం. నున్నటి కోత, నా కత్తెరదే. సిగ్గుతో తల తిప్పుకున్నాను.

బయట బల్ల మీద కూర్చున్న మా ఆవిడ సంగతంతా విని, చెప్పులు నా కాళ్ళ దగ్గరికి జరిపింది.

"కోతే లేదని కదా వాళ్ళని నమ్మలేదు మీరు? ఆ ఉన్న ఒక్క కోతా మీరే కోశారు. పదండి ఇంటికి."