ఖాళీ అర

మా ఆయన గల్ఫ్ ఉద్యోగానికి ప్రయత్నాలు మొదలెట్టగానే నేను అమలాపురం వెళ్ళి అరల ఫైలు కొనుక్కొచ్చాను. ఒక్కో ఏజెంటుకు ఒక్కో అర. పేరు, ఫోను నంబరు, కంపెనీ, ఏ రోజు ఏం చెప్పాడు, ఏ కాగితాలు పట్టుకెళ్ళాడు, అన్నీ రాసి పెట్టేదాన్ని. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ తోలే మా ఆయన వెంకటసాయికి తన పర్సు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు. ఇక ఏజెంట్ల కబుర్లేం గుర్తుంటాయి?

ముగ్గురు ఏజెంట్లు చేతులెత్తేశారు. మా అత్తగారు సత్తెమ్మగారికి కారణం ఇట్టే దొరికింది. నా ఫైలేనట!

"నరదిష్టికి నాపరాళ్ళు పగులుతాయమ్మా. అందరూ విమానం ఎక్కేదాకా నోరిప్పరు. నువ్వేమో అరుగు మీద కూర్చుని చిట్టా రాస్తున్నావు" అన్నారు.

మా వైపు అది నిజమే. గల్ఫ్ వెళ్ళేవాడు అక్కడ దిగి ఫోను చేసేదాకా పక్కింటివాళ్ళకు కూడా తెలియదు. ఊరికి చెప్పకపోతే సరే, కట్టుకున్నదానికి కూడానా? నాకు ఒళ్ళు మండిపోయింది.

నాలుగోసారి మా ఆయన తల్లి మాటే విన్నాడు. వీసా వచ్చిందన్నాడు. ఎవరిప్పించారంటే నవ్వాడు. ఏ దేశమంటే గల్ఫేలే అన్నాడు. నాలుగో అరలో తెల్లకాగితం పెట్టి, వీసా కాపీ ఇమ్మని చెయ్యి చాచాను.

"దిగేక అన్నీ ఫోటో తీసి పంపుతాను దుర్గా. అప్పుడు తీరిగ్గా రాసుకో. ఈ ఒక్కసారికీ వదిలెయ్" అన్నాడు.

దెబ్బలాడాను, అలిగాను, ఏం లాభం? వీధిలో ఎవరూ ఎదురు రావడం లేదని అత్తగారు చూసొచ్చాక ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

దిగాక ఒక్క వాయిస్ మెసేజ్ వచ్చింది. "దుర్గా, ఇది చెప్పిన పని కాదే. మా పాస్‌పోర్టులు లాగేసుకున్నారు. వ్యాన్లో ఎక్కడికో తీసుకెళ్తున్నారు." అంతే. ఆ తర్వాత ఫోను స్విచాఫ్. నేను పంపే మెసేజ్‌లకు ఒక్క టిక్కే పడుతోంది.

ఫైలు చంకన పెట్టుకుని గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఫిర్యాదులు తీసుకునే ఆఫీసుకు పరిగెత్తాను. అక్కడి గుమస్తా మర్యాదస్తుడే. నా ఫైలు చూసి మెచ్చుకున్నాడు కూడా. తర్వాత ఏజెంటు పేరడిగాడు. కంపెనీ పేరడిగాడు. నేను నాలుగో అరలో తెల్లకాగితం చూపించేసరికి కలం పక్కన పెట్టాడు.

"పోనీ, ఏ దేశం వెళ్ళేరండీ?"

మమ్మల్ని ముంచని ముగ్గురి చిరునామాలూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ముంచినవాడి పేరు మాత్రం లేదు.

ఇంటికొచ్చి ఫైలు మంచం మీద పడేశాను. అత్తగారి మీద అరవాలనే వచ్చాను. ఈలోగా ఆవిడే నాలుగో అరలోంచి తెల్లకాగితం తీసి నా ముందు పరిచి, కలం చేతికిచ్చారు.

"రాయమ్మా. అంతా రాసెయ్."

"ఏం రాయమంటారండీ?"

ఆవిడ నా పక్కన కూర్చున్నారు.

"వెళ్ళేటప్పుడు నీలం చొక్కా తొడుక్కున్నాడు. అది రాయి" అన్నారు.