ఈశాన్యం పక్క బోయాలు

పంజాగుట్టలో ఫణీంద్ర గారి ఆఫీసుకి రోజూ పొద్దున టీ వేళకి సముద్రం వచ్చేది. లిఫ్టు గుంతలోంచి లేచి, మెట్లెక్కి, మూడో అంతస్తులోకి పాకేది. అందరూ చెప్పులు తీసి బల్లల మీద పెట్టుకుని, ప్యాంట్లు మడుచుకుని, మోకాలి లోతు నీళ్ళలో పని చేసుకునేవాళ్ళు. భోజనాల వేళకి నీళ్ళు వెనక్కి తీసేవి. ఒక మారుమూల తీరం ఫైలు చేపట్టిన నాటినుంచీ ఇంతే.

"ఉప్పుకు బండలన్నీ తెల్లగైతున్నయ్. గా సముద్రానికేంది, వస్తది, పోతది. తుడిచేది నేనే గద!" అని సత్తెమ్మ చీపురు విదిలించేది. ఆఫీసు ఊడ్చేదీ, టీలిచ్చేదీ ఆవిడే.

ఆ ఆఫీసులో ఇంజనీరు హరిణికి సముద్రం మీద కోపం లేదు. ఆమె కోపమంతా ఫణీంద్ర గారి మీద.

ఆ ఫైల్లోది చేపల లారీ తప్ప బస్సు పోని తీరం. తెరచాప పడవల్లో దేశాలు చుట్టే వాళ్ళు ఆ దారినే పోతారు. చీకటి పడితే పడవ కట్టుకోవడానికి చోటుండదు. వాళ్ళకోసం బోయాలు వేయాలి. అంటే నీళ్ళ మీద తేలే పెద్ద పసుప్పచ్చ డబ్బాలు, వాటి కింద గొలుసులు, గొలుసుల చివర సముద్రం అడుగున కాంక్రీటు దిమ్మెలు. ఎక్కడ వేయాలో చూసి రావడానికి హరిణే వెళ్ళింది. కిందటి కార్తీకంలో ఒక పడవ లంగరు ఈడ్చుకుపోయి రాళ్ళకి కొట్టుకుందట. తల్లీ తండ్రీ బతికారు, పిల్ల దక్కలేదు. ఆ పిల్ల లైఫ్ జాకెట్ ఇంకా ఇసుకలోనే ఉంది. అన్నం కంచమంత కూడా లేదు.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ ఒకటుంది అక్కడ. దానికి నైరుతి పక్క మలుపులో బోయాలు వేయాలని హరిణి మ్యాపు గీసింది. ఫణీంద్ర గారు పిలిపించారు.

"ఏంటమ్మా ఇది? మన సిద్ధాంతి గారు చూసి తల పట్టుకున్నారు. కొండకి నైరుతిలో నీళ్ళేంటి? యజమానికి కీడు కదా. ఈశాన్యం పక్కకి మార్చు."

"సార్, అది సముద్రం. ఎటు చూసినా నీళ్ళే."

"వేళాకోళమా? ప్రారంభోత్సవానికొచ్చే పెద్దలకి ఆ పట్టింపుంది."

"తుపాను గాలి వచ్చేదే ఈశాన్యం నుంచి సార్. నైరుతి పక్కనుంటే కొండ అడ్డం పడుతుంది. ఈశాన్యం పక్క కడితే పడవల్ని తీసుకెళ్ళి గాలి నోట్లో పెట్టినట్టే. గొలుసు తెగితే నేరుగా రాళ్ళ మీదికే!"

"గొంతు తగ్గించు. సర్వే చేసినదానివి నువ్వు కాబట్టి నీ సంతకం కావాలి. రేపు ఈశాన్యం మ్యాపు మీద పెట్టు. లేదంటే వేరే చోటు చూసుకో. అమీర్‌పేటలో రాయి విసిరితే ఇంజనీరు నెత్తినే పడుతుంది."

పక్క సీటు భార్గవ్ నచ్చజెప్పబోయాడు. "పెట్టెయ్ హరిణీ. ఆ పడవలవాళ్ళు మనకి చుట్టాలా, పక్కాలా?"

"కారు. అందుకని చావొచ్చా?"

మెట్రో స్తంభాల కిందుగా అమీర్‌పేట గదికి నడుస్తుంటే ఆమె ఒళ్ళంతా మండిపోయింది. ఉద్యోగం పోతుందన్నది ఒక భయం. దానికంటే పెద్ద భయం ఇంకోటుంది. ఒకసారి సంతకం పెట్టేస్తే, నెల తిరిగేసరికి ఆ కంచమంత జాకెట్‌ని తను మరిచిపోతుంది. మనిషి ఏదైనా మరిచిపోగలడు. హాయిగా బిర్యానీ తింటూ మరిచిపోగలడు.

మర్నాడు నీళ్ళు నిండుగా ఉన్న వేళ ఫణీంద్ర గారు ప్యాంటు మడుచుకుని ఆమె బల్ల దగ్గరికొచ్చారు. ఈశాన్యం మ్యాపు పరిచి పెన్ను అందించారు.

"పెట్టను," అంది హరిణి.

"అయితే లే కుర్చీలోంచి."

హరిణి లేచింది. తన మ్యాపు చుట్టి చంకన పెట్టుకుని, బల్ల ఎక్కి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అప్పుడే నీళ్ళు వెనక్కి మళ్ళుతున్నాయి. బల్ల కాళ్ళు కిర్రుమని నేల వదిలాయి.

"ఆ బల్ల ఆఫీసుది!" అని అరిచారు ఫణీంద్ర గారు.

"ఇన్నొద్దులు తుడిచిన బల్ల, నేనిస్తున్న తియ్యి," అంది సత్తెమ్మ. చీపురు కర్రతో బల్లని మెట్ల వైపు నెట్టింది. "జర గట్టిగ పట్టుకో బిడ్డా, మలుపు కాడ ఒరుగుతది."

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ చెయ్యెత్తి బస్సుల్ని ఆపి, సముద్రం వెంట తీరానికి తేలిపోతున్న ఆ బల్లకి దారిచ్చాడు.

కార్తీకం వచ్చింది. కొండకి నైరుతి మలుపులో, హరిణి మ్యాపు చూసి పల్లెవాళ్ళు పాత తిరగలి రాళ్ళకి గొలుసులు కట్టి ముంచిన చోట, పచ్చడబ్బాలు తేలుతున్నాయి. ఈశాన్యపు గాలి లేచిన సాయంత్రం హరిణి ఫోను మోగింది. ఫణీంద్ర గారు.

"ఏమైపోయావమ్మా? నీ సంతకం లేదని ఈశాన్యం మ్యాపు పైనుంచి తిప్పి పంపారు. పెద్దల ముందు నా పరువేం కావాలి?"

కొండ మలుపు తిరిగి, చిరిగిన తెరచాపతో ఒక పడవ తూలుతూ వస్తోంది. పక్కన చిన్నపిల్లతో ముందు నిలబడ్డ ఆడమనిషి మోకు విసిరింది. హరిణి ఫోను ఇసుకలోకి గిరాటేసి, నడుములోతు నీళ్ళలోకి ఉరికి రెండు చేతులా మోకు అందుకుంది. బోయాకి రెండు చుట్లు వేసి బిగించి, గొంతు చించుకుని తిట్టింది.

"గాలి లేస్తుంటే ఇంతసేపా రావడం! బుద్ధుందా మీకు? ముందు పిల్లనిటివ్వండి!"

వాళ్ళకి తెలుగు ముక్క రాదు. అయినా ముందు పిల్లనే అందించారు.