నూకాలు గురి

నేను ఒక కత్తిని. ఈ మాట వినగానే మీకు వంకాయలూ ఉల్లిపాయలూ గుర్తొచ్చి ఉంటాయి. ఆ జాతి కాదు నాది. వంటిళ్ళలో, మాంసం కొట్లలో నాకు చుట్టాలున్నారు గానీ రాకపోకలు లేవు. నేను సర్కస్‌లో విసిరే కత్తిని. నాకు చెక్కపిడి లేదు, నగిషీ లేదు, పట్టుకుంటే హాయిగా ఉండే వంపు లేదు. నన్ను చేసింది పట్టుకోవడానికి కాదు, వదిలెయ్యడానికి.

విజయనగరంలో ఒక కమ్మరి పాత లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, మమ్మల్ని పన్నెండుమంది అక్కచెల్లెళ్ళను పుట్టించాడు. దెబ్బ మీద దెబ్బ వేస్తున్నంతసేపూ పక్కవాడితో కొడుకు పెళ్ళి కబుర్లు చెబుతూనే ఉన్నాడు. మనుషుల గురించి నాకు మొదట తెలిసిన సంగతి అదే. కబుర్లాడుకుంటూ కూడా వాళ్ళు ఎంత గట్టిగానైనా కొట్టగలరు.

మమ్మల్ని చేయించినవాడు సింహాద్రి. ఊరూరా తిరిగే ఒక చిన్న సర్కస్‌లో కత్తులు విసిరేవాడు. కూతురు నూకాలుకు అక్షరం ముక్క నేర్పలేదు గానీ గురి మాత్రం నేర్పాడు. బోర్డు మీద సుద్దతో చుక్క పెడితే ఆ పిల్ల నన్ను విసిరి చుక్కను రెండు చేసేది. తండ్రి పోయాక మేము ఆమె చేతికి వచ్చాం. ఆమె మొగుడు ఉయ్యాల మీద విన్యాసాలు చేసేవాడు. సాలూరులో ఒక సాయంత్రం పైనుంచి పడి మరి లేవలేదు. జనం అయ్యో అనుకున్నారు, కాసేపు చూశారు, తరువాత ఏనుగు ఎప్పుడొస్తుందని అడిగారు.

ఆ దంపతులకు ఒక్కతే కూతురు, చంపావతి. అయిదేళ్ళు నిండాయో లేదో, సర్కస్ యజమాని జోగులు కన్ను ఆ పిల్ల మీద పడింది. బోర్డు ముందు పెద్దవాళ్ళు నిలబడితే జనం వేరుశెనక్కాయలు తింటూ చూస్తున్నారట. పసిపిల్లను నిలబెడితే నములుతున్న నోళ్ళు ఆగుతాయట. నూకాలు కుదరదంది. పిల్లను ఎత్తుకుని బొబ్బిలి స్టేషన్‌కు పారిపోయింది. జోగులు ఆమెను ప్లాట్‌ఫారం మీదినుంచి జుట్టు పట్టి లాక్కొచ్చి, గుర్రాలను అదిలించే కొరడాతో వీపు చీరేశాడు. చేతుల జోలికి మాత్రం పోలేదు. చేతులతో అతనికి పనుంది మరి.

అలా చంపావతి బోర్డు ఎక్కింది. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. బోర్డు ముందు నిలబడ్డ మనిషి వచ్చే కత్తిని చూడకూడదు, చూస్తే తప్పుకుంటుంది. కళ్ళు మూసుకోనూ కూడదు, మూసుకుంటే చప్పుడుకు ఉలిక్కిపడుతుంది. పెద్దవాళ్ళయితే డేరా పైకప్పు చూస్తూ నిలబడతారు. పసిదానికి అది ఎలా నేర్పాలో తెలియక నూకాలు దాని చేతిలో బొమ్మల పుస్తకం పెట్టింది. వానాకాలం నాలుగు నెలలూ సర్కస్ బొబ్బిలిలో మకాం వేసేది. అక్కడ మాణిక్యాంబ అనే బడి టీచరు ఉండేది. ఒంటరి మనిషి. చంపావతికి అక్షరాలు దిద్దించిందీ, కథల పుస్తకాలు తెచ్చి ఇచ్చిందీ ఆమే. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల చదువుతున్నదంటే లోకం పట్టేది కాదు. నేను దాని చెంప పక్కన ధన్‌మని దిగేదాన్ని, అది పేజీ తిప్పేది. ఇంత నిర్లక్ష్యం నాకు ఎవరిదగ్గరా ఎదురుకాలేదు. కోపమూ వచ్చేది, ముచ్చటా వేసేది.

జనం దానికీ అలవాటు పడ్డారు. మళ్ళీ వేరుశెనక్కాయలు నమలడం మొదలైంది. జోగులు ఈసారి నూకాలు కళ్ళకు గంతలు కట్టించాడు. పిల్ల తల ఎక్కడుందో తెలియడానికి నూకాలు ఒక ఉపాయం ఆలోచించింది. చంపావతి పైకి చదవాలి. ఆ గొంతును పట్టుకుని తల్లి కత్తులు విసరాలి. బ్యాండు ఆగేది. డేరా అంతా ఊపిరి బిగబట్టేది. ఏనుగు దూకిన కథో, కోతి పట్టాభిషేకమో ఆ లేత గొంతులో నడుస్తుంటే, చుట్టూ మేం దిగబడుతూ ఉండేవాళ్ళం. చదవడం రాని నూకాలు కథలన్నీ అలాగే విన్నది, ఒక్కో మాటకు ఒక్కో కత్తి చొప్పున.

ఆ సంతోషాన్నీ జోగులు ఉండనివ్వలేదు. దసరా ఆటలకు బోర్డును చక్రంలా తిప్పిస్తానన్నాడు. పిల్లను దానికి కట్టేసి, కత్తులకు నూనెగుడ్డ చుట్టి అంటించి విసరాలట. తిరిగే బోర్డు మీద గొంతు ఒకచోట ఉండదు. నూకాలు అతని కాళ్ళు పట్టుకుంది. అతను కాలితో ఆమె దవడ మీద తన్నాడు. ఆమె విసరకపోతే తన తాగుబోతు తమ్ముడిచేత విసిరిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇక నూకాలు చేసింది చెబుతాను. చెవి తెగిన పిల్లను మళ్ళీ బోర్డు ఎక్కిస్తే జనం ఊరుకోరని ఆమె అనుకుంది. ఎదురు తిరుగుతారని, డేరా పీకేస్తారని, జోగులును తరిమికొడతారని అనుకుంది. అన్నేళ్ళు ఆ జనం ముందు నిలబడి కూడా వాళ్ళమీద అంత నమ్మకం ఎలా మిగిలిందో నాకు అర్థం కాదు.

ఆ సాయంత్రం చంపావతి, పెళ్ళికి బయలుదేరిన తాబేలు కథ చదువుతోంది. నా అక్కచెల్లెళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి తమ చోట్లలో కూర్చున్నారు. చివర నేను మిగిలాను. నూకాలు నన్ను మామూలు కంటే ఎక్కువసేపు పట్టుకుంది. తరువాత నేను ఆమె పంపిన చోటికే వెళ్ళాను. చంపావతి ఎడమచెవి కింది సగం తెంపి చెక్కలో దిగాను. పిల్లకు వెంటనే తెలియలేదు. తాబేలు ఏరు దాటిందని చదివింది. పుస్తకం మీద నెత్తురు బొట్లు పడ్డాక అప్పుడు అరిచింది.

జనం లేచి నిలబడ్డారు, అది నిజమే. మరింత బాగా కనబడాలని నిలబడ్డారు.

మర్నాడు జనం డేరా పట్టలేదు. బోర్డు మీది మరక చూడాలని పిల్లల్ని భుజాలకెత్తుకుని మరీ వచ్చారు. జోగులు మొహం వెలిగిపోయింది. జ్వరంతో మూలుగుతున్న చంపావతిని మంచం మీదినుంచి లాగి, రెక్క పట్టుకుని బరిలోకి ఈడ్చుకొచ్చాడు.

"ఆ కట్టు ఇప్పీయే. నెత్తురు అందరికీ అవుపడాల," అన్నాడు.

నూకాలు కదల్లేదు. అతనే ఆ కట్టును పట్టి గుంజాడు. చెవికి అంటుకుపోయిన గుడ్డ తోలుతో సహా ఊడి వచ్చింది. ఆ కేక విని నూకాలు తన గంతలు పీకేసింది. ఆమె చేతిలో ఉన్నది నేనే. జోగులు గొంతు కింద, ఎముకల మధ్య మెత్తగా ఉండే చోట పిడిదాకా దిగాను. చెక్కకు అలవాటు పడినదాన్ని, మనిషి ఇంత సులువని అప్పటిదాకా తెలియదు. అతను నన్ను రెండు చేతులా పట్టుకుని పీక్కోవాలని చూశాడు. వేళ్ళు తెగాయి. మోకాళ్ళ మీద పడి, రంపపు పొట్టులో బోర్లా దొర్లి, కాళ్ళు కొట్టుకుని ఆగిపోయాడు. అంతా ఆటలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు.

ఆ తరువాత నేను కోర్టు సామాన్ల గదిలో, చీటీ కట్టించుకుని పడి ఉన్నాను. అక్కడ నా పక్కన గొడ్డళ్ళూ గునపాలూ ఉండేవి. ఏ ఒక్కటీ తప్పు తనదని అనదు. అందరం చేతులమీదికి తోసేవాళ్ళమే. నూకాలుకు యావజ్జీవం వేశారు. నాలుగో ఏడు జైల్లో విషజ్వరంతో పోయింది. ఇది నాకు చెప్పింది అప్పలకొండ. సర్కస్‌లో జోకరు అతను. చంపావతిని ఆ గొడవలోంచి ఎత్తుకుపోయి మాణిక్యాంబ టీచరుకు అప్పగించినవాడు అతనే. ఆ జ్వరం తలకెక్కి, తగ్గేసరికి పిల్లకు అంతకుముందు సంగతులేవీ గుర్తు లేవట. జైలుకు చూడబోతే, తాబేలు పెళ్ళికి అందుకుందో లేదో పిల్లనడిగి రమ్మని నూకాలు అన్నదట. కోర్టువాళ్ళు పాత ఇనుము వేలం వేసినప్పుడు, నాకోసం అప్పలకొండ ఒక గంపెడు తుప్పు కొనుక్కున్నాడు. పార్వతీపురంలో ఒక గది అద్దెకు తీసుకుని, నాతో చింతపండు గింజలు తీసుకుంటూ బతికాడు. నాకు నామోషీ అనిపించలేదంటే అబద్ధమే.

మొన్న వేసవిలో ఒకామె అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. నలభై దాటిన మనిషి. శ్రీకాకుళంలో అద్దె పుస్తకాల షాపు నడుపుతోందట. జుట్టు ఎడమవైపు దించి దువ్వుకుంది. అప్పలకొండ కుర్చీ వేస్తే కూర్చోలేదు, గోడకు వీపు ఆనించి నిలబడింది. తనకు ఊహ తెలిసినప్పటినుంచీ పుస్తకం కూడా అలాగే చదువుతానని, కూర్చుంటే అక్షరం ఎక్కదని, ఎందుకో ఎవరూ చెప్పలేదని అన్నది. చెవి కుక్క కరిచిందని మాణిక్యాంబ టీచరు పెంచినన్నాళ్ళూ చెప్పిందట. పోయే ముందు మాత్రం, నువ్వు సర్కస్ పిల్లవు, ఆ చెవి మీ అమ్మ కత్తే కోసింది అని, ఇంకేమీ చెప్పకుండా కన్ను మూసిందట. అప్పటినుంచీ చంపావతి పాత పేపర్లు తిరగేసింది, డేరాలు కుట్టేవాళ్ళను అడిగింది, ముక్క ముక్క ఏరుకుంటూ అప్పలకొండ దాకా వచ్చింది. ఆమెకు కావలసింది ఒక్కటే. తల్లి తనను చంపాలనుకుందా?

"చెయ్యి జారిందేమోనని చాలాసార్లు అనుకున్నాను తాతా," అన్నది.

"జారిపోనాది తల్లీ," అన్నాడు అప్పలకొండ వెంటనే. "కళ్ళకి గంతలు కదా. మీయమ్మ తప్పు నేదు."

కోర్టులోనూ అతను ఈ మాటే చెప్పాడు. కావాలని కోసిందంటే, కన్నపిల్లనే కోసిన మనిషి అని ఉరి వేస్తారని వకీలు భయపెట్టాడు. అప్పుడు అవసరానికి ఆడిన అబద్ధం ఇన్నేళ్ళకు అతని నాలుకకు అలవాటైపోయింది. నేను వాళ్ళ మధ్య పళ్ళెంలో, చింతపండు పక్కన పడి ఉన్నాను. అరవగలిగితే అరిచేదాన్ని.

పుస్తకాలు చదివే మనుషులతో వచ్చిన చిక్కు ఇదే, వాళ్ళకు కథ అతకకపోతే తెలిసిపోతుంది.

"ఆవిడ అంతకుముందు ఎప్పుడైనా గురి తప్పిందా?" అని అడిగింది.

అప్పలకొండ తల దించుకున్నాడు. నేదు అన్నాడు.

"అయితే తలకే వేసింది. ఆ బతుకు బతకలేక నన్ను చంపేద్దామనుకుంది. నేను కదిలి ఉంటాను, అందుకే చెవితో పోయింది." ఏడవకుండానే అన్నది. చాలా రోజులుగా ఆ మాట ఆమె దగ్గర సిద్ధంగా ఉన్నట్టుంది. వచ్చిన పని అయిపోయినట్టు సంచీ భుజాన వేసుకుంది.

అప్పలకొండ లేవబోయి, మోకాళ్ళు సహకరించక, నేల మీదే జరిగి ఆమె చెంగు పట్టుకున్నాడు.

"నువ్వు కదలనేదు. మీయమ్మ సెవికే ఏసింది. సెవికే, మరి దేనికీ కాదు. నిన్ను ఆ సెక్కమీంచి దింపీడానికి ఏసింది. నాకు ముందే తెలుసు. ఆటకి గంట ముందు నిన్నూ నన్నూ పిలిసి, నీ సెవి పోగు తీసి నా సేతిలో ఎట్టింది. ఒక్కటే తీసింది. ఎడంసెవిది. కుడిది ఒగ్గీసింది. పసుపు గుడ్డ తడిపి పట్టుకోమన్నాది. ఎందుకే అంటే సెప్పనేదు, అయినా నాకు తెలిసిపోనాది. ఆ పోగు టీచరమ్మకి నిన్ను అప్పసెప్పినప్పుడు ఇచ్చీసినాను."

చంపావతి చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళి ఆగింది. టీచరు పెట్టెలో, గుడ్డముక్కలో చుట్టి ఒంటి పోగు ఒకటి ఉందని, జత ఎక్కడో పారేసుకుని ఉంటానని అనుకున్నానని మెల్లగా అన్నది. ఆ తరువాత గోడ పట్టుకుని జారినట్టు నేల మీద కూలబడింది. కాసేపటికి, పోగు తీసేటప్పుడు అమ్మ ఏమైనా అన్నదా అని అడిగింది.

"ఏటీ అన్నేదు. పోగు మర బిగిసిపోనాది. సేతులు ఒణికిపోయి ఎంతకీ తియ్యలేకపోనాది, ఆకరికి మర నానే తిప్పినాను," అన్నాడు అప్పలకొండ. "కత్తి ఇసిరినప్పుడు మాత్రం ఆ సేతులు ఒణకనేదు."

ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ముసలాయన ఓదార్చడం చేతకాక నన్ను పళ్ళెంలోంచి తీసి దూరంగా పెట్టాడు.

ఆయన చెప్పింది నిజం. ఆ చేతిలో ఉన్నది నేనే కదా. వణకలేదు.