గుచ్చి చూసిన నేల

కొడుకు స్నేహితుడు వస్తానని ఫోన్ చేసిన దగ్గర్నుంచీ, బట్టలు కుట్టే ఆ తల్లి కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతూనే ఉంది. మిషను ముందు కూర్చుంటే సూది విరిగింది. దేవుడి ముందు కూర్చుంటే దీపం వెలిగించడం మరిచి లేచి వచ్చింది.

కొడుకు సైన్యంలో మందుపాతరలు తీసే పనిలో ఉండి యుద్ధంలో పోయాడు. ఆ పనిలో మొదటి తప్పే ఆఖరి తప్పని నలుగురూ అంటుంటే విన్నది. వాడేమో చిన్నప్పుడు కుడుతున్న చొక్కా పూర్తయ్యేదాకా ఆగలేక, గుండుసూదులతోనే తొడుక్కుని కేకలు పెట్టిన తుఫాను. ఆ రోజు కూడా తొందరపడ్డాడా? తన తప్పుతో తనే పోయాడా? దేవుణ్ణి అడిగితే ఆయన పలకడు.

వచ్చినవాడు కొడుకుతో కలిసి పనిచేసిన సిపాయి. టీ గ్లాసు చేతికి అందిస్తూనే అడిగేసింది. "నిజం చెప్పు బాబూ. మావాడు తొందరపడ్డాడా?"

అతను నవ్వాడు. "తొందరా? వాణ్ణి మేం నత్త అనేవాళ్ళం అమ్మా."

"నత్తా? మావాడా? ఇంకెవరి గురించో చెబుతున్నావు."

"మీవాడే. బోర్లా పడుకుని, సన్నటి ఊచతో నేలను గుచ్చి చూస్తూ జానెడు జానెడు జరిగేవాడు. 'ఒరే, మాకు పెళ్ళీడు దాటిపోతోంది, కానీరా' అని వెనకనుంచి అరిచేవాళ్ళం. 'మీకు పిల్లనిచ్చేదెవరులే' అనేవాడు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆరకముందే, "మరి ఆ రోజు?" అంది.

అతను గ్లాసు కింద పెట్టాడు. "చూళ్ళేదమ్మా. మందుపాతర తీసేటప్పుడు దగ్గర ఒక్కడే ఉండాలి, మిగతావాళ్ళు దూరంగా పోవాలి. అది మా రూలు. వాడే మమ్మల్ని తరిమాడు. చప్పుడే విన్నాం."

"తొందరపడలేదని ఒక్క అబద్ధం చెబితే నీ సొమ్మేం పోయింది?"

"అలా చెప్పాలనే వచ్చాను. మీ మొహం చూశాక నోరు రాలేదు."

ఆమె కిటికీ దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది. "తర్వాత ఏం చేశారు?"

"వాడు గుచ్చి చూసిన దారికి అటూ ఇటూ తెల్లటి టేపు కట్టి ఉంది. దాని మధ్యలోంచే వాడి దగ్గరికి పరుగెత్తాం. సాయంత్రం అవతలి పోరులో దెబ్బలు తగిలినవాళ్ళను మోసుకుని అందరం ఆ దారినే నడిచాం. ఎవరికీ ఏమీ కాలేదు."

"నువ్వూ నడిచావా?"

"ముందు నేనే."

ఆ ఆఖరి జానెడు దగ్గర ఏం జరిగిందో పైవాడు ఇప్పటికీ చెప్పలేదు. ఆమె వంగి అతని పాదాలకేసి చూసింది. రెండూ ఉన్నాయి, పది వేళ్ళతో సహా.

"ఇంకోసారి చెప్పు నాయనా," అంది, "ఎవరెవరు నడిచారో."