బురుజు మీది అక్క ఏమన్నదో

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక నరసరావుపేటలో సగం ఊరు కునుకు తీసే వేళ, రేవతి కూతురి పక్కన మంచం మీద కూర్చుని వీడియో గేమ్ ఆడుతోంది. పక్కగదిలో భర్త శ్రీనివాసరావు గురక పెడుతున్నాడు. ఆయనకు ఈ సంగతి తెలియదు. లేచి వచ్చి కళ్ళారా చూసినా, కల అనుకుని మళ్ళీ పడుకునే మనిషి.

సాయిసాత్విక ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవులకు వచ్చింది. పాత ఆటలకు కొత్త రంగులూ హంగులూ అద్ది మళ్ళీ అమ్ముతున్నారనీ, దాన్ని రీమాస్టర్ అంటారనీ చెబుతూ మొన్న ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చూపించింది. వాటిలో తెల్ల తలపాగా చుట్టుకున్న పిల్లవాడొకడు కనబడ్డాడు. రేవతి చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది.

"వీడు నాకు తెలుసే."

"నీకెట్టా తెలుసమ్మా?"

"మీ మామయ్య ఆట ఇది."

సాత్వికకు మామయ్యంటే గోడ మీది ఫొటో. మీసాలు సరిగా రాని కుర్రాడు, దండ వెనక నుంచి నవ్వుతూ ఉంటాడు.

అప్పట్లో వాళ్ళది గురజాల. రేవతి తమ్ముడు వంశీ కోటప్పకొండ తిరునాళ్ళలో ఈ ఆట క్యాసెట్ కొనుక్కొచ్చాడు. పైన కారు బొమ్మ ఉంది. ఆట పెట్టెలో దూర్చి టీవీకి పెడితే కారు రాలేదు, తలపాగా పిల్లవాడు వచ్చాడు. అక్షరాలన్నీ జపాన్‌వి. మార్చుకుందామంటే తిరునాళ్ళ కొట్టువాడిది ఏ ఊరో. "ఏం పర్లేదక్కా, నాకు చదవడం వచ్చులే" అన్నాడు వంశీ. ఆ మాట అన్నప్పుడు వాడి మొహంలో అబద్ధం ఛాయ కూడా లేదు.

ఆ రోజు నుంచి వాడు చదువుతూనే ఉన్నాడు. వాడి చదువు ప్రకారం, ఆ పిల్లవాడి గేదె తప్పిపోయింది. దాన్ని వెతుక్కుంటూ ఊరూరూ తిరుగుతున్నాడు. మొదటి ఊరు దాచేపల్లి, కొండ కిందిది బొల్లాపల్లి. సింహాసనం మీద కూర్చున్న మీసాల రాజు ఎమ్మార్వో గారు. వంతెన దగ్గర ముసలాయన ఎన్నిసార్లు పలకరించినా ఒకే వాక్యం అంటాడు. దాన్ని వంశీ రోజుకొక రకంగా చదివేవాడు. ఒకరోజు "కాలవకి నీళ్ళొదిలారా అబ్బాయ్?" ఇంకోరోజు "బీడీ ఉంటే ఇటివ్వరా." రేవతి పడీ పడీ నవ్వేది.

ఆ క్యాసెట్‌లో ఆట దాచుకునే వీలు లేదు. ఆపితే మళ్ళీ మొదటికే. అందుకని టీవీ ఒక్కటీ ఆపి, ఆట పెట్టెను రాత్రింబవళ్ళు వదిలేసేవాళ్ళు. దాని అడాప్టర్ కాలిపోతుందని వంశీ దాన్ని మంచినీళ్ళ కుండ కింది తడి ఇసుకలో పెట్టేవాడు. షాక్ కొట్టి ఎవరూ పోకపోవడం ఆ ఇంటి అదృష్టమే. ఎంత దూరం పోయినా ఏదో ఒక పూట కరెంటు పోయేది. మర్నాడు మళ్ళీ దాచేపల్లి నుంచి.

రేవతి డిగ్రీకి గుంటూరు హాస్టల్‌లో చేరాక కథ మారింది. మొదటిసారి సెలవులకు వచ్చినప్పుడు వంశీ చెప్పాడు, "గేదె దొరికిందక్కా. ఇప్పుడు వాడి అక్క తప్పిపోయింది."

"అంటే గేదె ప్లేసులో నన్ను పెట్టావా?"

"అది పాలిచ్చేది. నీకు దాని ప్లేసు ఇవ్వడమే ఎక్కువ."

ఆ ఏడు ఎలక్షన్లొచ్చాయి. ఎలక్షన్లు కాబట్టి ఆ వారమంతా కరెంటు పోలేదు. వంశీ ఎస్టీడీ బూత్ నుంచి హాస్టల్‌కి ఫోన్ చేశాడు. "అక్కా, బురుజు ఎక్కేశా. అక్క కనబడింది. ఒకే ఒక్క మాట అన్నది."

"ఏమన్నది?"

"ఇక్కడ మీటరు తిరుగుతోంది. ఇంటికి రా, చెప్తా."

ఆమె ఇంటికి వచ్చేసరికి వంశీని వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. పిడుగురాళ్ళ రోడ్డులో సున్నం లారీ. ఎవరో కరెంటు మెయిన్ ఆపేశారు. ఆట పెట్టె గురించి ఆలోచించే మనిషి ఆ ఇంట్లో లేరు.

ఏమన్నది? పెళ్ళయి, పిల్ల పుట్టి, ఆ పిల్ల కాలేజీకి పోయినా రేవతికి ఆ ప్రశ్న పోలేదు. ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పాలి, టీవీలో బొమ్మ ఏదో అన్నది, అదేందో కావాలనా?

సాత్విక తెప్పించిన కొత్త ఆట బాగుంది. వంకలు పెట్టడంలో రేవతికి ఇంటిల్లిపాదిలోనూ పేరుంది, అయినా ఒక్కటీ దొరకలేదు. గడ్డి గాలికి ఊగుతోంది. నీళ్ళలో మబ్బులు కనబడుతున్నాయి. అప్పుడు కీచుమన్న పాట ఇప్పుడు వయొలిన్ల మీద వస్తోంది. తలపాగా పిల్లవాడికి కళ్ళూ ముక్కూ వచ్చాయి, ఎర్రగా బుర్రగా తయారయ్యాడు. కిందెక్కడ చూసినా ఇంగ్లీషులో మాటలు. ఆ రాజు రాజేనట. ముసలాయన వంతెన అవతల తోడేళ్ళున్నాయని చెబుతున్నాడట.

"మామయ్య ప్రకారం ఈయన ఏమంటున్నాడమ్మా?"

"బీడీ అడుగుతున్నాడు."

సాత్విక మంచం మీద దొర్లి నవ్వింది. అలా ప్రతి ఊళ్ళోనూ కూతురు ఇంగ్లీషు చదువుతుంటే, తల్లి తమ్ముడి తెలుగు చెబుతూ వచ్చింది. ఒక్కటీ మరిచిపోలేదు. మాటలే కాదు, ఏ మాట దగ్గర వాడు ముక్కు ఎగబీల్చేవాడో కూడా గుర్తుంది. ఇంతకాలం ఇవన్నీ ఎక్కడున్నాయో అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ఇప్పుడు బురుజు మెట్లు అయిపోయాయి. పైన కిటికీ దగ్గర తెల్లబట్టల అమ్మాయి వెనక్కి తిరిగింది. రేవతి ముందుకు వంగింది. బటన్ నొక్కింది.

సాత్విక చదివింది. "'ఈ తాళంచెవి తీసుకో. తూర్పు ద్వారం తెరుచుకుంటుంది.'"

"తర్వాత?"

"అంతేనమ్మా. ఈమె అక్క కాదు, బురుజుకి కాపలా మనిషంట."

రేవతి తల ఊపింది. వంశీకి జపాన్ భాష రాదని ఆమెకు ఎప్పుడూ తెలుసు. ఆ అమ్మాయి ఏమన్నదో ఆమెకు అక్కర్లేదు. వాడు ఏమని చదివేవాడో అది కావాలి. ఆ సంగతి ఇంత ఆలస్యంగా, తాళంచెవి చేతికొచ్చాక తెలిసింది.

"పాత బొమ్మలు కూడా ఉంటాయమ్మా ఇందులో, చూడు" అని సాత్విక ఏదో నొక్కింది. గడ్డి ఆగిపోయింది. వయొలిన్లు పోయి కీచుపాట వచ్చింది. అమ్మాయి నాలుగు తెల్ల గళ్ళయింది. కింద జపాన్ అక్షరాలు, చివర మిణుకుమిణుకుమనే చిన్న బాణం గుర్తు. వంశీ చూసింది ఇదే.

రేవతి ఆ అక్షరాల వంక చూసింది. మిగిలిన చోట్ల అడక్కుండానే వినబడ్డ వాడి గొంతు ఇక్కడ వినబడలేదు.

సాత్విక గొంతు మార్చి అంది, "'తమ్ముడూ, ఇంత దూరం నా కోసం వచ్చావా?'"

"వాడట్టా అనడు."

"మరెట్టా అంటాడు?"

రేవతి నోరు తెరిచింది. ఏదైనా ఎకసెక్కం అయ్యుండాలి. ఇంత ఆలస్యమైందేందిరా అనో, అన్నం తెచ్చావా అనో. ఒక్కొక్కటే వాడి గొంతుకు తొడిగి చూసింది. అన్నీ తన మాటలే. వాడి వయసు కూతురున్న ఆడమనిషి మాటలు.

బాణం గుర్తు మిణుకుమంటూనే ఉంది. ఆ ఆటలో మనం నొక్కేదాకా ఎవరూ కదలరు.

సాత్విక తల్లి మొహం చూసి, మెల్లగా కంట్రోలర్ మీద చెయ్యి వేసింది. "ముందుకు పోదామా అమ్మా?"

"నొక్కమాక" అంది రేవతి. "ఉండు. వాణ్ణి చెప్పనీ."