పిన్ని కొట్టులో మొదటి ముక్క

నేను ఒక శాండ్‌విచ్ టోస్టర్‌ని. కరెంటుతో పనిచేసేదాన్ని కాదు. రెండు అల్యూమినియం రెక్కలు, వాటిని కలిపే మడతబందు, పట్టుకోవడానికి పొడుగాటి కాడలు, కాడల చివర నల్లటి తొడుగులు. అంతే నా ఒళ్ళు. రెక్కల మధ్య రొట్టె పెట్టి మూసి, పొయ్యి మీద అటూ ఇటూ తిప్పుతారు. నోరు తెరవడం, మూయడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. ఆ నోటితో ఒక్క మాట కూడా మాట్లాడలేను. అందుకు నేను బాధపడిన రోజు ఒకటుంది. అది చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

విజయవాడలో ఒక రేకుల షెడ్డులో నన్ను పోత పోశారు. చిల్లులు పడ్డ గిన్నెలు, సొట్టలు పడ్డ టిఫిను క్యారేజీలు కరిగించి నన్ను చేశారు. అందుకే కాబోలు, తిండి దగ్గర ఉంటే నాకు సొంతింట్లో ఉన్నట్టుంటుంది.

అక్కడి నుంచి బాపట్లలో ఒక స్టీలు సామాన్ల కొట్టుకు వచ్చాను. ఏడాదిన్నర మేకుకు వేలాడాను. ఒకసారి ఒకావిడ నన్ను వేలితో పొడిచి, "ఏమయ్యా, ఇది ఎలకల బోనా?" అని అడిగింది. కొట్టతను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "కాదమ్మా, అప్పడాలు వత్తేది" అన్నాడు. అతనికీ తెలియదు. తెలియదని చెప్పడం మనుషులకు ఎంత కష్టమో ఆ రోజే మొదటిసారి చూశాను.

చివరికి నన్ను కొన్నది పుండరీకం గారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు, ఒంటరి మనిషి. మొదటి రోజు ఆయన రొట్టె బొగ్గయింది. రెండో రోజు తెల్లగా అలాగే ఉండిపోయింది. మూడో రోజు నుంచి ఫ్యాను గాలికి పరీక్ష పేపర్లు ఎగరకుండా నన్ను వాటి మీద పెట్టుకున్నారు. నా బరువు కింద ఎందరు పాసయ్యారో, ఎందరు తప్పారో నాకు తెలియదు.

ఆయనకు బదిలీ అయింది. ఆయన ఇంట్లో వంట చేసే నాంచారమ్మకు నన్ను ఇచ్చారు.

"నాకు చేతకాలేదమ్మా. నీకేమన్నా పనికొస్తుందేమో చూడు."

"రొట్టె కాల్చేదేగా బాబుగారూ. దోశ కన్నా కష్టమా ఏంది?" అంది నాంచారమ్మ.

ఆయన వెళ్ళిపోయాక ఆమెకు వంటపని లేకుండా పోయింది. నెల తిరక్కముందే కాలేజీ రోడ్డు పక్కన ఒక చెక్క బల్ల వేసి, పైన నీలం టార్పాలిన్ పట్టా కట్టి, గ్యాసు పొయ్యి పెట్టింది. పొయ్యి మీద నేను.

అప్పటిదాకా నాంచారమ్మ జన్మలో శాండ్‌విచ్ తినలేదు, ఎవరైనా తింటుంటే చూడనూ లేదు. అందుకని తనకు వచ్చిన పనే చేసింది. రొట్టెకు బయట దోశకు వేసినట్టు నూనె రాసింది. లోపల ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి నూరిన ఎర్రకారం పూసింది. దానిమీద సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఆపైన గుప్పెడు పప్పుల పొడి. మొదట తిన్న అబ్బాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పిన్నీ, శాండ్‌విచ్ అంటే ఇది కాదు" అన్నాడు.

"మరి ఎట్టా ఉండాలి నాయనా?"

అతను ముక్కు తుడుచుకుని, "ఇంకోటెయ్యి, ఆలోచించి చెబుతా" అన్నాడు.

అలా ఆ పొరపాటే కొట్టుకు పేరు తెచ్చింది. అందరూ ఆమెను పిన్ని అన్నారు. సాయంత్రం నాలుగయ్యేసరికి సైకిళ్ళు రోడ్డు మీదకు వచ్చేసేవి. వేరే ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే పిల్లలు ఆ ఎర్రకారం నోట్లో పడగానే ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాళ్ళు. ఎవరి ఇల్లు వాళ్ళకు గుర్తొచ్చేదనుకుంటాను. ఆ రుచిలో నా చేయి కూడా ఉందని తెలిసినప్పుడల్లా, ఎలకల బోను కానందుకు సంతోషపడేదాన్ని.

ఆ ఏడు వానల్లో నాంచారమ్మకు పదిరోజులు జ్వరం వచ్చింది. లేచి కొట్టు తెరిచిన మొదటి రోజు, నూరిన కారం వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. మూడోసారి ఒక చెంచాడు నోట్లో వేసుకుంది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. కళ్ళు మాత్రం భయంగా అటూ ఇటూ తిరిగాయి. జ్వరంతో పాటు ఆమె రుచి కూడా పోయింది. ఆ సంగతి ఆమెకూ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. రేపో మాపో తిరిగొస్తుందని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇక చేతి అంచనాతోనే ఉప్పు వేసేది. వేశానో లేదో అని అనుమానం వచ్చి మళ్ళీ వేసేది. నా రెక్కలకు ఉప్పు తెల్లగా అంటుకునేది.

పిల్లలకు ఆమె అంటే ప్రేమ. అందుకే వాళ్ళు ఎంత పెద్ద తప్పు చేయాలో అంత పెద్ద తప్పూ చేశారు. ఒక్కరు కూడా చెప్పలేదు. శౌరి అని మూడో సంవత్సరం కుర్రాడు ఒకడుండేవాడు. ఏ సంగతైనా దాచుకోలేని నోరు వాడిది. ఆ శౌరి కూడా ఒక ముక్క కొరికి, సీసాడు నీళ్ళు తాగి, "సూపర్ పిన్నీ!" అనేవాడు. మలుపు తిరిగాక సగం శాండ్‌విచ్‌లు కాలవలో పడేవి. మెల్లగా సైకిళ్ళు తగ్గాయి. ఎదురు చూసేవాళ్ళు లేక నేను చల్లారిపోతూ కూర్చునేదాన్ని.

ఒకరోజు నాంచారమ్మ శౌరితో, "ఆదివారంతో కొట్టు కట్టేస్తన్నాను రా. ఇక రామాకండి" అంది.

"అదేంది పిన్నీ! ఎందుకు?"

"మీకు మొహం మొత్తింది. నాకు తెలవదా ఏంది?"

శౌరి ఇంకా పెద్ద ముక్క కొరికాడు. కళ్ళు మూసుకుని మింగి, మళ్ళీ అదే మాట అన్నాడు, "సూపర్ పిన్నీ." నాకు నోరుంటే ఆ రోజు అరిచేదాన్ని. ఉంది, కానీ మాట లేదు.

ఆ మాటలు ఇంకొకరు కూడా విన్నారు. కోటేశ్వరి అని మొదటి సంవత్సరం అమ్మాయి. పల్లెటూరి బడిలో చదువుకుని వచ్చింది. నలుగురిలో గొంతు పెగలదు. రోజూ వచ్చి ఒక వేలు చూపిస్తుంది, ఒకటి ఇమ్మని. నాంచారమ్మ, "ఏమే ఒక్కవేలూ, వచ్చావా?" అని నవ్వుతుంది. ఆ పిల్లా నవ్వి తల దించుకుంటుంది. అంతే వాళ్ళ మాటలు. కానీ ఒక్కరోజు కూడా రాకుండా ఉండలేదు, ఒక్క ముక్క కూడా కాలవలో పారేయలేదు.

మర్నాడు నాంచారమ్మ అటు తిరిగి ఉల్లిపాయలు తరుగుతుంటే కోటేశ్వరి బల్ల దగ్గరకు వచ్చింది. నోటుబుక్కులోంచి చింపి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి, తెరిచి ఉన్న నాలో పెట్టి, దూరంగా వెళ్ళి నిలబడింది. నాంచారమ్మ కళ్ళు ఉల్లిపాయలకు మండుతున్నాయి. చూడకుండానే కాగితం మీద రొట్టె పెట్టి, నన్ను మూసి, మంట మీదకు ఎక్కించింది. చెప్పాల్సిన ఆ నాలుగు మాటలనూ నేనే కాల్చాను. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

ఆ శాండ్‌విచ్ శౌరి చేతికి వెళ్ళింది.

"పిన్నీ! ఇందులో కాగితం ఉంది!" రొట్టెకు అతుక్కున్న మాడు ముక్క ఊడదీసి చూశాడు. "'పిన్నీ, మీ...' ఇంతే మిగిలింది. ఎవర్రా పిన్నికి లవ్ లెటర్ రాసింది?"

అందరూ పగలబడి నవ్వారు. కోటేశ్వరి చెవులు ఎర్రబడ్డాయి. వెళ్ళిపోతుందనుకున్నాను. రెండడుగులు వేసింది కూడా. తర్వాత ఆగింది.

"నేనే పిన్నీ."

"ఒక్కవేలూ! నువ్వు మాట్లాడతావంటే!" అంది నాంచారమ్మ. "ఏం రాశావే?"

"ఉప్పు."

"ఉప్పేంది?"

"ఎక్కువైంది. ఇవాళ కాదు. ఇరవై రోజుల్నుంచి. అందుకే పిన్నీ ఎవరూ రావట్లా. నువ్వంటే మొహం మొత్తి కాదు."

ఎవరూ నవ్వలేదు. నాంచారమ్మ శౌరి వైపు తిరిగింది. వాడు తల దించుకుని, "నిజమే పిన్నీ. కారం కూడా" అన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నార్రా?"

"నీ శాండ్‌విచ్చే పిన్నీ."

నాంచారమ్మ ముందు నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నాకు రుచి తెలవట్లేదురా" అంది. "జ్వరం వచ్చిన కాణ్ణుంచీ. చెబితే ఇక రారని భయపడ్డా."

ఆదివారం కొట్టు కట్టేయలేదు. సోమవారం నుంచి ఒక పద్ధతి వచ్చింది. మూడున్నరకు, ఇంకా ఎవరూ రాకముందు, ఆ రోజు మొదటి శాండ్‌విచ్ కోటేశ్వరి తినాలి. తిని నిజం చెప్పాలి. బాగుందన్న ఒక్క మాట కుదరదు. "ఉప్పు చిటికెడు తక్కువ." "ఉల్లిపాయ పచ్చిగా ఉంది." "ఇవాళ వెల్లుల్లి కమ్మగా ఉంది పిన్నీ." ఆ పిల్ల నాలుక చెప్పింది విని నాంచారమ్మ చేయి దిద్దుకునేది. వారం తిరిగేసరికి సైకిళ్ళు వచ్చాయి. నాంచారమ్మకు రుచి మాత్రం తిరిగి రాలేదు.

మూడేళ్ళు గడిచాయి. చదువు అయిపోయి వెళ్ళేముందు కోటేశ్వరి షాహీన్ అనే కొత్త అమ్మాయిని తీసుకువచ్చింది. తనకన్నా మెతక. మొదటి ముక్క తిని, ఆ అమ్మాయి నేల చూస్తూ, "బాగుంది ఆంటీ" అంది.

కోటేశ్వరి నవ్వింది. "అట్టా కుదరదే. మళ్ళీ తిను."

షాహీన్ మళ్ళీ కొరికింది. చాలాసేపు నమిలింది. "ఉప్పు సరిపోయింది. కానీ..." అని ఆగింది. "ఒకపక్క మాడింది ఆంటీ. చేదుగా ఉంది."

నాంచారమ్మ నన్ను ఎత్తి వెలుతురులోకి పట్టుకుంది. నా ఎడమ రెక్క అరిగి రేకులా అయిపోయింది. మడతబందు వదులైంది. కొన్నాళ్ళుగా నాకు తెలుసు. శౌరి వాళ్ళలాగే నేనూ తెలియనట్టు ఉన్నాను.

"అవునే, దీని పనైపోయింది" అంది నాంచారమ్మ. ఆ మాట అంటూనే నన్ను గుడ్డతో తుడిచింది. అప్పటికప్పుడు బజారు నుంచి కొత్తది తెప్పించింది. కానీ నన్ను పాత సామాన్ల వాడికి వేయలేదు. పట్టా కట్టిన గుంజకు మేకు కొట్టి, పొయ్యి కనబడేలా తగిలించింది. నిజం చెప్పినందుకు షాహీన్ మీద నాకు కోపం రాలేదు. ఆ రోజు చేదు తిన్నది ఆ అమ్మాయి ఒక్కతే. తర్వాత వచ్చిన నలభై మందీ తినకుండా తప్పించింది.

మళ్ళీ మేకు మీదే ఉన్నాను. స్టీలు సామాన్ల కొట్టులో మేకు మీద ఉన్నప్పుడు నేనేమిటో ఎవరికీ తెలియదు. ఈ మేకు మీద ఉన్న నన్ను చూపించి, "మా పిన్ని మొదటి టోస్టర్ ఇదే" అని కొత్తగా చేరిన పిల్లలకు చెబుతారు. ఇంతకన్నా ఏం కావాలి నాకు?

రోజూ మూడున్నరకు కొత్త టోస్టర్ నోరు తెరుస్తుంది. షాహీన్ తిని చెబుతుంది. నాంచారమ్మ వింటుంది. నా మడతబందు వదులు కాబట్టి రెక్కలు మూసుకోవు. నేను కూడా నోరు తెరుచుకుని వింటూ ఉంటాను.